పని ఏ దశలో ఆగుతోంది? ఐటీఐల్లో దివ్యాంగ విద్యార్థులకు అందాల్సిన తోడ్పాటు

ఫిట్టర్ ట్రేడులో చేరిన విద్యార్థికి మొదటి నెలల్లో నేర్పేది ఆకురాయి పట్టడం. బెంచి వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను, మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుతురు కనిపించనంత చదునుగా రుద్దడం చూసేవారికి చిన్న పనిగానే అనిపిస్తుంది గానీ, ఆ తర్వాత రెండేళ్లు నేర్చుకునే కొలతలకూ చేతి అదుపుకూ పునాది అక్కడే పడుతుంది. వైస్ దవడలు పనిచేసేవారి మోచేతి ఎత్తుకు ఉండాలన్నది ఆ పాఠంలో తొలి సూత్రం. వర్క్‌షాపుల్లోని బల్లలు మామూలుగా నిలబడ్డ మనిషి మోచేతికి సరిపోయేలా ఉంటాయి. చక్రాల కుర్చీలో కూర్చున్న విద్యార్థికి అదే వైస్ భుజం ఎత్తుకు వస్తుంది. అంత ఎత్తులో రుద్దితే ఆకురాయి ఊగుతుంది, ముక్క అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ప్రాక్టికల్ మార్కులు తగ్గుతాయి. రెండు మూడు ముక్కలు పాడయ్యేసరికి ‘ఇతనికి ఫిట్టర్ పని రాదు’ అన్న నిర్ణయం జరిగిపోతుంది. అయితే సూత్రం చెప్పింది మోచేతి ఎత్తు గురించే. నిలబడాలని అది ఎక్కడా చెప్పలేదు. ఒక్క వైస్‌ను పొట్టి బల్ల మీద బిగించి, మోకాళ్లు కిందికి దూరేంత చోటు వదిలితే ఆ విద్యార్థి కూడా సూత్రం ప్రకారమే పనిచేస్తాడు.

వృత్తి శిక్షణలో దివ్యాంగులకు తోడ్పాటు అనగానే సీటు, స్కాలర్‌షిప్, పింఛను, ర్యాంపు గుర్తుకొస్తాయి. అవన్నీ కావలసినవే. కానీ విద్యార్థి నిలదొక్కుకోవడమైనా, ఎవరికీ చెప్పకుండా మానేయడమైనా జరిగేది ఆ బల్ల దగ్గరే. ఒక ట్రేడులో నిజంగా నేర్వవలసిన నైపుణ్యం ఏది, దాన్ని ఇన్నాళ్లుగా నేర్పుతూ వచ్చిన అలవాటు ఏది అని విడదీసి చూస్తే, చాలా సందర్భాల్లో నైపుణ్యాన్ని తగ్గించకుండానే అలవాటును మార్చుకోవచ్చు. ఈ విడదీసే పని చేయగలిగింది వైద్యులో, సంక్షేమ శాఖ అధికారులో కాదు; రోజూ ఆ యంత్రం పక్కన నిలబడి నేర్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే ఐటీఐల్లో అందరూ ఏటీఓ అని పిలిచే బోధకుడు.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. ఐటీఐలకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చి, వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. సాధారణ వృత్తి శిక్షణ పథకాలన్నిటిలో దివ్యాంగులను చేర్చుకోవాలనీ, వారికి తగిన తోడ్పాటు, వసతులు సమకూర్చాలనీ ఆ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని అదే చట్టం నిర్వచించింది. అంటే పొట్టి బల్ల దయతో ఇచ్చేది కాదు, హక్కుగా రావలసినది. ఇంత స్పష్టంగా ఉన్న మాట వర్క్‌షాపు గడప దాటి లోపలికి రాకపోవడానికి ముఖ్య కారణం, మన వ్యవస్థ వైకల్యాన్ని కొలిచే తీరు.

ఉత్తర తెలంగాణలో దివ్యాంగ విద్యార్థి ఉన్న ఏ కుటుంబాన్ని పలకరించినా ముందుగా బయటికి వచ్చేది సదరం సర్టిఫికెట్. శిబిరం తేదీ కోసం స్లాట్ బుక్ చేసుకుని, పెద్దాసుపత్రి దాకా వచ్చి, వరుసలో నిలబడి సంపాదించిన కాగితం అది. అందులో ఒక శాతం ఉంటుంది. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకూ రిజర్వేషన్లకూ దారి తెరుచుకుంటుంది. తెలంగాణలో నెలకు 4,016 రూపాయలుగా ఉన్న దివ్యాంగుల పింఛను ఎన్నో ఇళ్లకు ఆధారం. కాబట్టి ఆ శాతం విలువను ఎవరూ తక్కువ చేయలేరు. కాకపోతే అది పథకాలకు అర్హత తేల్చడానికి పనికొచ్చే కొలత. పాఠం చెప్పడానికి ఏమాత్రం పనికిరాదు. కుడిచేతి వేళ్లు పోయిన విద్యార్థికీ ఎడమ కాలు సన్నబడిన విద్యార్థికీ కాగితం మీద ఒకే శాతం ఉండవచ్చు. వెల్డింగ్ బూత్‌లో ఆ ఇద్దరికీ ఎదురయ్యే ఇబ్బందులకు ఒకదానితో ఒకదానికి పోలికే ఉండదు. శాతం చూసి ‘70 ఉంది, బరువు పని వద్దు’ అనుకునే బదులు, ఈ పని పది దశల్లో జరుగుతుందనుకుంటే ఏ దశ దగ్గర ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది అని చూడాలి. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది కూడా ఇంచుమించు ఇదే. రాయబోతే చేయి పట్టేసే సమస్య ఉన్న ఒక అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో పరీక్షలో లేఖరిని నిరాకరించడం సరికాదని, అవసరాన్ని బట్టి సర్దుబాటు ఉండాలని ఆ తీర్పు తేల్చింది.

శాతంతో పాటు మరో పాత అలవాటు కూడా అడ్డుపడుతోంది. శిక్షణ సంస్థల్లో చాలామందికి దివ్యాంగ విద్యార్థి అంటే పోలియో వచ్చి కాలు సన్నబడిన కుర్రాడే మనసులో మెదులుతాడు. ఒక తరం పాటు అది నిజం కూడా. అయితే దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో భారత్‌ను పోలియో రహిత దేశంగా ప్రకటించారు. ఇప్పుడు పదో తరగతి ముగించి ఐటీఐ గడప తొక్కుతున్న పిల్లల్లో పోలియో బాధితులు ఉండటం చాలా అరుదు. వారి స్థానంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు, ప్రమాదాల్లో అవయవాలు కోల్పోయినవారు, బధిరులు, చదవడంలో రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్నవారు, రక్తసంబంధ వ్యాధులున్నవారు వస్తున్నారు. వీరిలో చాలామంది వైకల్యం పైకి కనిపించదు. 2011 జనగణన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులను లెక్కించినప్పుడు కూడా 8 రకాలనే అడిగి రాసుకుంది. చట్టంలోని 21 రకాల్లో చాలావాటికి అక్కడ విడిగా పేరే లేదు.

ట్రేడు ఎంపిక దగ్గర ఈ అలవాటు ప్రభావం బాగా కనిపిస్తుంది. అబ్బాయి అయితే కోపా, అంటే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు; అమ్మాయి అయితే కుట్టు. రెండూ కూర్చుని చేసే పనులు కాబట్టి సులువన్న నమ్మకం. పిల్లల మేలు కోరి చెప్పే మాటే అయినా, ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, ఎలక్ట్రీషియన్ కావాలని వచ్చినవారిని వారి ఇష్టం అడగకుండానే పక్కకు మళ్లించడం. రెండోది, కుట్టుపని కూర్చుని చేసేదే అయినా అది కాళ్లతో చేసే పని. పెడల్ మీద పాదం ఒత్తిడిని బట్టి మిషన్ వేగం మారుతుంది; మూల తిరిగే చోట వేగం తగ్గించి, సూదిని గుడ్డలోనే నిలిపి, గుడ్డను తిప్పాలి. కాళ్లలో పట్టులేని అమ్మాయిని ‘సులువైన’ ట్రేడు అని ఇందులో చేర్చి పెడల్‌ను అలాగే ఉంచితే ఆమెకు కష్టమైన పనినే ఎంచి ఇచ్చినట్టవుతుంది. మోటారు మిషన్ పెడల్‌ను బలమున్న కాలి వైపుకు జరపడం, లేదా పైకెత్తి మోకాలితోనో మోచేతితోనో నొక్కేలా బిగించడం స్థానిక మెకానిక్ చేయగల పని. ఆ తర్వాత ఆమె నేర్చుకోవలసిన కత్తిరింపు, కొలత, కుట్టు నాణ్యత అందరికీ ఉన్నవే.

కోపా విషయం మరికొంత వివరంగా చూడాలి. చూపులేని విద్యార్థి ఈ ట్రేడును పూర్తిగా నేర్చుకోగలడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగును కూడా చదువుతుంది. అయినా చాలా తరగతుల్లో పాఠం మౌస్ చుట్టూనే తిరుగుతుంది. ‘ఇక్కడ క్లిక్ చెయ్యండి, ఇప్పుడు ఇది లాగి అక్కడ పెట్టండి’ అన్నప్పుడు చూపులేని విద్యార్థికి ఆ ‘ఇక్కడ’, ‘అక్కడ’ ఏమీ చెప్పవు. ‘కంట్రోల్ నొక్కి పట్టుకుని సి, తర్వాత కంట్రోల్ వి’ అంటే అతనికీ అర్థమవుతుంది, పక్కనున్న చూపున్న విద్యార్థి వేగమూ పెరుగుతుంది. దీనికంటే లోతైన చిక్కు తెలుగు అక్షరాల దగ్గర ఉంది. డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో శుభలేఖల నుంచి కరపత్రాల దాకా అను ఫాంట్లలో కంపోజ్ చేసే అలవాటు ఇంకా బలంగా ఉంది. ప్రతి అక్షరానికీ కంప్యూటర్లన్నీ గుర్తించే ఒకే సంకేతాన్ని ఇచ్చే యూనికోడ్‌కు ముందు తరానివి ఆ ఫాంట్లు. తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ దృష్టిలో అవి వేరే అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటిని చదవబోతే అర్థంలేని శబ్దాలు వస్తాయి. ఆ పద్ధతిలో తయారైన నోట్సును చూపులేని విద్యార్థికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం ఖాళీ కాగితం ఇవ్వడంతో సమానం. అదే నోట్సు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే ఏ అదనపు ఖర్చూ లేకుండా అతను చదువుకోగలడు. ఎవరో ఒకరు ఈ తేడా చెప్పేవరకు, ఇచ్చినవారికి గానీ పుచ్చుకున్నవారికి గానీ లోపం ఎక్కడుందో తెలియదు.

బధిర విద్యార్థుల సమస్యను చాలామంది వినికిడి సమస్యగానే చూస్తారు. వర్క్‌షాపులో అది ఎక్కువగా భాషా సమస్య. ఇనుప ముక్కను తిప్పుతూ కోసే లేత్ యంత్రం నడుస్తున్నప్పుడు చెవులు బాగున్నవారు కూడా సైగలతోనే మాట్లాడుకుంటారు; పనిముట్టు సరిగా కోయకుండా అదురుతుంటే ఆ అదురు చేతికీ తెలుస్తుంది, కోసిన మెరుపు కంటికీ తెలుస్తుంది. కాబట్టి యంత్రం దగ్గర బధిర విద్యార్థి మరీ వెనకబడి ఉండడు. వెనకబడేది థియరీ క్లాసులో, గోడ మీద రాసిన హెచ్చరికల దగ్గర. పుట్టుకతో వినికిడి లేనివారికి తెలుగు చెవిన పడి వచ్చిన భాష కాదు, అక్షరాలు చూసి కూడబలుక్కున్న భాష. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరి ప్రత్యయంలో ఉంటుంది. ‘కలపాలి’, ‘కలపకూడదు’, ‘తాకవచ్చు’, ‘తాకరాదు’ అనే మాటల మొదటి అక్షరాలు ఒక్కటే, చివర్లో అర్థం తలకిందులవుతుంది. ‘ఫేజ్‌కు’, ‘ఫేజ్‌ను’ మధ్య తేడా కూడా ఒక్క అక్షరమే. ప్యానెల్ బోర్డు దగ్గర ఆ ఒక్క అక్షరం మీద ప్రాణం ఆధారపడకూడదు. అడ్డగీత గీసిన చేతి బొమ్మ, చేయకూడని కనెక్షన్ మీద ఎర్ర గుర్తు ఉన్న చిత్రం ఆ పనిని తడబాటు లేకుండా చేస్తాయి. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును వీడియోల రూపంలో అందుబాటులోకి తెచ్చింది, అందులో సాంకేతిక పదాలూ ఉన్నాయి. ఏటీఓ తన ట్రేడుకు అవసరమైన ఏభై అరవై సంజ్ఞలు నేర్చుకుని, నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడే అలవాటు మానుకుంటే మొదటి సంవత్సరం సగం భారం తగ్గుతుంది. సైరనుకు తోడుగా వెలిగి ఆరే లైటు పెట్టడం ఎలక్ట్రీషియన్ విద్యార్థులే ఒక పూట ప్రాక్టికల్‌గా చేయగల పని.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి, ఇటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ నుంచి వచ్చే కోయ, గోండు విద్యార్థుల విషయంలో మరో వైకల్యాన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి. సికిల్‌సెల్ వ్యాధి చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. ఆదివాసీ ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్న ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న ప్రత్యేక మిషన్ ప్రారంభించింది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటే కాళ్లలో, నడుములో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. ఒంట్లో నీరు తగ్గడం, అతిగా అలసిపోవడం, ఒక్కసారిగా వేడి నుంచి చలికి మారడం ఆ నొప్పిని రేపుతాయి. వరంగల్ మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద, తోలు ఏప్రాన్ కట్టుకుని వెల్డింగ్ చేసే విద్యార్థికి ఆ మూడింటిలో రెండు ఎదురుగానే ఉంటాయి. నొప్పి వస్తే నాలుగు రోజులు మంచం మీద ఉండాలి. తిరిగి వచ్చేసరికి హాజరు తగ్గుతుంది, పరీక్షకు 80 శాతం హాజరు కావాలన్న నిబంధన ఎదురవుతుంది, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు కాబట్టి బడాయి అనో బద్ధకమనో అనుకుంటారు. ఇతనికి కావలసిన తోడ్పాటులో ఇనుము, సిమెంటు ఏమీ లేవు. నీళ్ల సీసా దగ్గర ఉంచుకోనివ్వడం, ఉదయం చల్లని వేళలో వెల్డింగ్ వంతు ఇవ్వడం, గంటకోసారి కాసేపు కూర్చోనివ్వడం, ఆసుపత్రి కాగితం ఉన్న రోజులకు తప్పిన ప్రాక్టికల్స్‌ను మళ్లీ చేయించడం చాలు. వ్యాధి ఉన్నట్టు తరగతిలో అందరికీ చెప్పకుండా, తెలియవలసిన ఇద్దరికే తెలిసేలా చూడటం కూడా ముఖ్యం. పెళ్లి సంబంధాల దాకా వెళ్లే భయం ఆ కుటుంబాలకు ఉంటుంది.

చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థులు బడిలో ఎవరి దృష్టిలోనూ పడకుండా పదో తరగతి దాటి వస్తారు. వీరికి చేతిపని బాగా వస్తుంది, వర్క్‌షాప్ కాలిక్యులేషన్ దగ్గర మాత్రం ఆగిపోతారు. సూత్రాన్ని కాగితం మీద కాకుండా కొలిచి చూపిన ముక్క మీద చెబితే వెంటనే పట్టుకుంటారు. మేధో వైకల్యం ఉన్నవారికి పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగుకు ఒక ఫొటో తీసి బల్ల ముందు వరుసగా అతికించే పద్ధతి ఉపయోగపడుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ మేధో వైకల్యం ఉన్నవారి కోసమే ఏర్పడింది. అది పొరుగునే ఉండగా ఈ విషయంలో వరంగల్ ఏటీఓలు ఒంటరిగా తంటాలు పడనక్కరలేదు.

ఇదంతా సంస్థ లోపలికి వచ్చిన తర్వాతి మాట. లోపలికి రావడమే కొందరికి రోజువారీ పరీక్ష. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమే గానీ, కాలికి ఊతంగా కాలిపర్ వేసుకున్న అమ్మాయికి బస్సు మొదటి మెట్టు మాత్రం అంతే ఎత్తులో ఉంది. ఇలాంటి విద్యార్థికి హాస్టల్ సీటు ఇవ్వడం ప్రయాణ రాయితీ కంటే ఎక్కువ మేలు, ఆ గది కింది అంతస్తులో ఉండి మరుగుదొడ్డి తలుపు వెడల్పుగా ఉంటే. ర్యాంపు కూడా కట్టామనిపించుకోవడానికి కట్టేది కాదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే 15 సెంటీమీటర్ల ఒక్క మెట్టుకే 180 సెంటీమీటర్ల వాలు కావాలి. మూడు మెట్లను మీటరున్నర వాలుతో సరిపెడితే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సూచనలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని స్పష్టం చేసింది.

బోధకుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో భద్రత ముఖ్యమైనది, దాన్ని కొట్టిపారేయడం తప్పు. లేత్‌లో ముక్కను పట్టి తిప్పే చక్ దగ్గర ప్రమాదం జరిగితే మొదట సమాధానం చెప్పవలసింది ఏటీఓనే. మందులతో అదుపులో లేని మూర్ఛ ఉన్న విద్యార్థిని కదిలే యంత్రం ముందు నిలబెట్టకూడదు; చూపులేని విద్యార్థికి కరెంటు వైరింగ్ నేర్పుతామనడం మాటవరసకు బాగుంటుంది గానీ అతనికి మేలు చేయదు. కాకపోతే ఈ కాదనే మాట ట్రేడు మొత్తానికి కాక, పరీక్షించి చూసిన ఒక్కొక్క పనికి వర్తించాలి. రంగులు సరిగా పోల్చలేని విద్యార్థి ఎరుపు, పసుపు, నీలం వైర్లను రంగు చూసి కలిపితే ప్రమాదమే. కొనలకు అంకెలున్న స్లీవులు తొడిగి, టెస్టర్‌తో సరిచూశాకే కలపడం నేర్పితే ఆ ప్రమాదం తగ్గుతుంది. పెద్ద ప్యానెళ్లలో ఎలాగూ అంకెల స్లీవులే వాడతారు.

ఈ మార్పులకు ఇప్పుడున్నంత అనువైన సమయం మళ్లీ త్వరగా రాదు. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే 2,324 కోట్ల రూపాయల కార్యక్రమం 2024లో మొదలైంది. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు, రోబోటిక్స్, విద్యుత్ వాహనాల మరమ్మతు ఆ కోర్సుల్లో ఉన్నాయి. సీఎన్‌సీ యంత్రం మీద కండబలంతో తిప్పే చక్రాల స్థానంలో మీటలు, ప్రోగ్రాములు ఉంటాయి. ఒక చేయి బలహీనంగా ఉన్నవారికి పాత లేత్ మీద దాదాపు అసాధ్యమైన పని ఇక్కడ సాధ్యమవుతుంది. అదే యంత్రం ప్యానెల్ నిలబడ్డవారి కళ్లకు ఎదురుగా ఉండి కిందికి వంగకపోతే కూర్చున్నవారికి మళ్లీ తలుపు మూసుకుంటుంది. కొనేటప్పుడు, బిగించేటప్పుడు అడిగితే అతి తక్కువ ఖర్చుతో అయ్యే సర్దుబాటును, బిగించి కాంక్రీటు పోశాక చేయించుకోవడం ఎంత కష్టమో పాత వర్క్‌షాపుల అనుభవమే చెబుతుంది.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు 2018లోనే చెప్పాయి. విద్యార్థి అడగడానికి మొహమాటపడతాడు కాబట్టి, చేరిన రోజే ఆ హక్కు గురించి చెప్పి దరఖాస్తు పూర్తి చేయించాలి.

శిక్షణ ఫలితం తేలేది అప్రెంటిస్‌గా వెళ్లినప్పుడు. గీసుకొండ, సంగెం మండలాల మధ్య 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట్ల కుట్టేవారికీ మెయింటెనెన్స్ చూసేవారికీ పని ఉంటుంది. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులుండేలా చూసే ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని చట్టంలోని 35వ సెక్షన్ చెబుతోంది. అయినా యజమాని చేతికి అందేది మార్కుల జాబితా, సదరం శాతం. ఆ రెండూ చూసి అతను కూడా వర్క్‌షాపులో మొదటి నెల జరిగిన పొరపాటునే చేస్తాడు, ఇంట్లోవాళ్లు కూడా జీతం వస్తే పింఛను పోతుందేమోనన్న భయంతో పంపడానికి వెనకాడతారు. పింఛను సంగతి పంచాయతీ కార్యదర్శినో ఎంపీడీవో కార్యాలయాన్నో అడిగి ముందే తేల్చుకోవచ్చు. యజమాని సంగతి మాత్రం ఏటీఓ చేతిలో ఉంది. శిక్షణ కాలమంతా దగ్గరుండి చూసిన మనిషి ఒక్క పేజీ రాసి పంపితే చాలు: వైస్ ఎత్తు నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లు పెడితే పని సాఫీగా సాగింది, పెడల్ ఏ వైపు బిగించారు, సూచనలు నోటితో చెప్పాలా రాసి చూపాలా, ఏ యంత్రం మీద ఒంటరిగా వదలవచ్చు, ఏ యంత్రం దగ్గర పక్కన మనిషి ఉండాలి, నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి.